పీతలకు ఎవరి చెయ్యి వచ్చింది

"అత్తయ్యా, ఆవిడతో చెప్పండి. ఆ పీతలు పొద్దుటి నుంచి ఒకే మన్నును అటూ ఇటూ మోస్తున్నాయి. ఎందుకో ఆవిడకేమైనా తెలుసేమో కనుక్కోండి."

ఆవిడ అంటే పెద్దకోడలు. ఎక్కడో లేదు. రెండడుగుల దూరంలో, వరండా బల్ల ముందు నిలబడి నారు పోసే ట్రేలు తుడుస్తోంది. చిన్నకోడలి గొంతు వీధి గుమ్మం దాకా వెళ్ళింది కాబట్టి ఆవిడకు వినపడలేదనుకోవడానికి వీల్లేదు.

"అత్తయ్యా, నాకేం తెలుస్తుందో మీరే చెప్పండి," అంది పెద్దకోడలు ట్రే మీంచి చూపు తిప్పకుండా. "మిషన్లు ఆవిడవి. చదువు ఆవిడది. నేను నడుం పోయి మూలపడ్డదాన్ని."

ఇద్దరి మధ్యా పీట వేసుకుని బీన్స్ ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తింది. ఆదివారం నుంచి ఈ ఇంట్లో ఒక కోడలి మాట ఇంకో కోడలికి చేరాలంటే ఆవిడ మీదుగానే వెళ్ళాలి. ఉప్పు డబ్బా ఎక్కడుందన్న ప్రశ్న కూడా ఆవిడ దగ్గర కాసేపు ఆగి, అప్పుడు అవతలికి వెళ్తోంది.

"విన్నావుగా?" అంది ఇటు తిరిగి. "నువ్వూ విన్నావుగా?" అంది అటు తిరిగి. మళ్ళీ బీన్స్‌లో పడింది.

ఇంత గొడవకూ మూలం చూస్తే ఒక్క మాట. అదీ సంబరంగా అన్న మాట. "ఇక మీరు మట్టి ముట్టుకోనక్కర్లేదక్కా!" అంది చిన్నకోడలు ఆదివారం, మూడు పీతలూ పెరట్లో దిగిన రోజున. వెన్నుపూస జారి, ఇంకోసారి వంగితే మంచం ఎక్కుతావని డాక్టరు చేత చెప్పించుకున్న మనిషికి అది తీపి కబురనుకుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఈ పెరట్లో మొక్కల నర్సరీ నడుపుతున్న మనిషికి అది మరోలా వినిపించింది. "అయితే ఇక నాతో పనేముంది?" అని పెద్దకోడలు చేతిలోని బొరిగె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

దాని మీద పెద్దబ్బాయి తీర్పు ఒకటి. ఆయన వంతెనల ఇంజనీరు, వేరే ఊళ్ళో పని. భార్య నడుం సంగతి తెలిసినప్పటి నుంచీ నర్సరీ మూసేసి తనతో వచ్చెయ్యమంటున్నాడు. ఆ రోజు ఫోన్లో ఖరాఖండీగా చెప్పేశాడు. "శనివారం వస్తాను. ఆ పీతలు ఒక్క మడి, ఒకే ఒక్క మడి, మనిషి చెయ్యి పడకుండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చేసి చూపిస్తే నర్సరీ ఉంటుంది. చెయ్యలేదా, గేటుకు తాళం."

ఇవాళ శుక్రవారం.

పీతలని పేరు పెట్టింది పెద్దకోడలే, వెక్కిరింతగా. ఆ పేరే నిలిచిపోయింది. ఒక్కోటి కూర్చునే పీటంత ఉంటుంది. కింద నాలుగు చక్రాలు, ముందు ఒక గరిట, గరిటకు పిడి. వీపు మీది మీట నొక్కి, పిడి పట్టుకుని, మన్ను తీసి పోసి చూపించాలి. పలక మీద చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించినట్టే. చీకటి పడ్డాక మూడూ చార్జింగుకు చేరితే, ఒకటి నేర్చింది మిగతా రెండింటికీ దానంతటదే వచ్చేస్తుంది. మనుషుల్లో ఆ సుఖం లేదు కాబట్టే ఇన్ని తంటాలు.

చిన్నకోడలి ఉద్యోగం ఇలాంటివాటికి పని నేర్పడమే. ఇప్పటిదాకా గోదాముల్లో పెట్టెలు మోయడం నేర్పింది. పెట్టె ఎప్పుడూ పెట్టెలాగే ఉంటుంది. మన్ను అలా కాదు. నిన్న ముద్దగా ఉన్నది ఇవాళ పొడిపొడిగా ఉంటుంది, గరిటకు అంటుకుంటుంది, పోసిన చోట పోసినట్టు ఉండదు. అయినా ఆఫీసులో బతిమాలి, మూలన పడి ఉన్న ఈ మూడింటినీ తెచ్చుకుంది. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా మార్చుకోకుండా పెరట్లో గొంతుక్కూర్చుని, వాటి పిడి పట్టుకుని దిద్దించింది. బుధవారం దాకా చక్కగా చేశాయి కూడా.

ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టిన చిన్నకోడలు మడి దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. చక్రాలు విప్పి చూసింది. గరిటలు కడిగింది. కెమెరా అద్దాలు తుడిచింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. వదలగానే మొదటి పీత అంచున ఉన్న మన్ను ఎత్తి తెచ్చి మడి మధ్యలో పోసింది. అది తను నేర్పిందే. మధ్య ఎత్తుగా ఉంటే నీళ్ళు నిలవవు, వేళ్ళు కుళ్ళవు. వెనకే రెండోది వచ్చి అదే మన్నును మధ్యలోంచి తీసి బుద్ధిగా అంచుకు చేర్చింది. మూడోది దాన్ని మళ్ళీ మధ్యకు తెచ్చింది. ఎండలో మూడూ ఎంతో శ్రద్ధగా, ఏమీ జరగనివ్వకుండా పని చేస్తున్నాయి.

అంచుకు చేర్చడం తను నేర్పలేదు. మరి ఎవరు నేర్పినట్టు?

చిన్నకోడలికి కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. మట్టికాళ్ళతోనే వరండా ఎక్కింది. ఈసారి మాట అత్తగారి మీదుగా వెళ్ళలేదు, సూటిగా వెళ్ళింది.

"నేను లేనప్పుడు మీరు వాటిని ముట్టుకున్నారు కదా?"

పెద్దకోడలు ట్రే తుడవడం ఆపింది.

"అడుగుతున్నది మిమ్మల్నే. రేపు బావగారి ముందు అవి పిచ్చిపట్టినట్టు తిరుగుతుంటే నేను తలదించుకోవాలనేగా? నర్సరీ పోయినా ఫర్వాలేదు, నా పొగరు అణగాలి. అంతేగా?"

"ముట్టుకున్నాను," అంది పెద్దకోడలు.

అంతే. ట్రే బల్ల మీద బోర్లించి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, మెల్లగా తన గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

అత్తగారు ఒక బీన్స్ కాయను అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయింది.

ఇక మిగిలింది ఒకటే దారి అనుకుంది చిన్నకోడలు. నేర్చుకున్నదంతా చెరిపేసి, రాత్రికి రాత్రి మళ్ళీ మొదటి నుంచి నేర్పడం. అయ్యే పనేనా అంటే కాదు. కానీ కోపంలో ఉన్న మనిషికి కాని పనే సులువుగా కనిపిస్తుంది. రెండో పీతను పట్టుకోబోయింది. అది గరిటెడు మన్ను మడి అంచున పోసి, వెంటనే కదల్లేదు. గరిటను తిరగేసి, వీపుతో ఆ మన్ను మీద రెండుసార్లు తట్టింది. మెల్లగా, ఒకటి, ఇంకొకటి. తర్వాత కదిలింది.

చిన్నకోడలు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ తట్టడం ఎవరిదో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ప్రతి మొక్క మొదట్లోనూ పెద్దకోడలు చెయ్యి అలా రెండుసార్లు పడుతుంది. మడతపెట్టిన దుప్పటి మీద పడుతుంది. జ్వరం వచ్చినవాళ్ళ నుదుటి మీద పడుతుంది. ఓడ ఇంజన్ల మెకానిక్కు అయిన మొగుడు పెళ్ళయిన నెలకే సముద్రం మీదికి వెళ్ళిపోతే, గదిలో ఒంటరిగా ఏడుస్తున్న కొత్త కోడలి భుజం మీద కూడా పడింది. చెడగొట్టాలనుకున్న మనిషి అలా తట్టదు. తెలియకుండా తట్టిందంటే మనసు పెట్టి నేర్పిందన్నమాట.

"అత్తయ్యా!" వరండా వైపు పరుగున వచ్చింది. "అక్క వీటికి ఎప్పుడు నేర్పింది?"

"తెల్లవారుజామున. గురువారం, ఇవాళ."

"వంగకూడదు కదా ఆవిడ!"

"వంగలేదు. నేనే ఒకదాన్ని ఎత్తి ఈ బల్ల మీద పెట్టేదాన్ని. పెద్ద ట్రేలో మన్ను పోసుకుని, నిలబడే నేర్పింది. నువ్వు లేచేలోపు దించేసేదాన్ని. బరువే, ముదనష్టపుది."

"నాకు ఒక్క మాట చెప్పచ్చుగా?"

అత్తగారు మొదటిసారి బీన్స్ పక్కన పెట్టింది. "చూడమ్మాయ్. నువ్వు ఆవిడతో చెప్పండి అన్నవి ఆవిడతో చెప్పాను. ఆవిడ నీతో చెప్పండి అన్నవి నీతో చెప్పాను. ఇది నీతో చెప్పద్దంది, చెప్పలేదు. నా ఉద్యోగం నేను సక్రమంగా చేశాను. ఇవాళ్టితో మానేస్తున్నాను. ఇంక మీ మాటలు మీరు మోసుకోండి."

చిన్నకోడలు గది ముందు నిలబడింది. లోపలికి ఎలా వెళ్ళాలో తోచలేదు. తలుపుతోనే మాట్లాడింది.

"అక్కా, తప్పయిపోయింది. నోటికొచ్చినట్టు మాట్లాడాను. మీ చెయ్యి చూశాను దానిలో. తట్టింది, అచ్చం మీలాగే. తలుపు తీయండక్కా."

లోపల్నుంచి అలవాటు తప్పని గొంతు వచ్చింది.

"అత్తయ్యా, తలుపుకు గడియ పెట్టలేదని ఆవిడతో చెప్పండి."

చిన్నకోడలు తలుపు తోసింది. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది, సగం నిండి ఉంది. పెద్దకోడలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆ కిటికీలోంచి మడి మొత్తం కనిపిస్తుంది. బయటి నుంచి పీతల చక్రాల చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వు బాగానే నేర్పావు," అంది పెద్దకోడలు, కిటికీ వైపే చూస్తూ. "ఎత్తు బాగానే పోస్తున్నాయి. కానీ అంచుకు గట్టు లేదు. నీళ్ళు పెడితే మన్నంతా జారి దారిలోకి వచ్చేస్తుంది. చూస్తూ ఊరుకోలేకపోయాను. అంచుకు మన్ను చేర్చడం చూపించాను. నువ్వు పోసింది అవి తోడేస్తాయని నాకేం తెలుసు?"

"నాతో అనచ్చుగా?"

"అత్తయ్య ద్వారానా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరూ ఆపుకున్నారు.

"ఇవాళ లేచినప్పుడు కూడా అనుకున్నాను," పెద్దకోడలి గొంతు సన్నబడింది. "వీటికి నేర్పకూడదు, నేర్పితే నేర్చేసుకుంటాయి, నేర్చుకుంటే ఇక నా అవసరం ఎవరికీ ఉండదు. అనుకుంటూనే బల్ల దగ్గరికి వెళ్ళాను. చేతులు నా మాట వినవు."

"మీ అవసరం లేకుండా చేయడానికా వాటిని తెచ్చింది!" చిన్నకోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. "గేటుకు తాళం పడితే మీరు వెళ్ళిపోతారని తెచ్చాను. మీరు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారు? ఆయనేమో ఓడలో, అత్తయ్యేమో బీన్స్‌లో."

ఈసారి నవ్వు ఆగలేదు. పెద్దకోడలు నడుం పట్టుకుని మరీ నవ్వింది, నొప్పికి మూలుగుతూ నవ్వింది.

నవ్వు తగ్గాక పని మాటల్లో పడ్డారు. "ముందు నీ ఎత్తు, తర్వాత నా గట్టు. అంతేగా?" అంది పెద్దకోడలు.

"అంతేనక్కా. కానీ ముందు, తర్వాత అన్నది వాటికి తెలీదు. మీరు పొద్దున చెప్పింది ఒక పాఠం, నేను సాయంత్రం చెప్పింది ఇంకో పాఠం. ఏది గుర్తొస్తే అది చేస్తున్నాయి. వాటి బదులు రెండూ కలిపి ఒకే పాఠంగా చెప్పాలి. మధ్యలో పిడి వదిలితే పాఠం ఆగిపోతుంది."

"అయితే ఒకే చెయ్యి కావాలి."

"నాకు గట్టు కట్టడం రాదు."

"నాకు ఆ ఎత్తు కొలత రాదు. నేనెప్పుడూ కంటితో చూసి పోసేదాన్నే."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదటి పీతను చిన్నకోడలే ఎత్తి బల్ల మీద పెట్టింది.

మొదటిసారి చేతులు మార్చుకునేటప్పుడు పిడి జారి పాఠం సగంలో ఆగింది. రెండోసారి గరిటలోని మన్ను అత్తగారి కాఫీలో పడింది. మూడోసారి మళ్ళీ పోట్లాట. "చెయ్యి తియ్యి, నాకు అందట్లేదు!" "తీస్తే ఆగిపోతుందక్కా, మీరే పైనుంచి పట్టుకోండి!" "అలా లాగుతావేం, అది మన్ను, పెట్టె కాదు!" "మీరు అంత నిదానంగా చేస్తే తెల్లారుతుంది!" అత్తగారు వేరే కాఫీ కలుపుకుంటూ, మాటలు లేనప్పుడే ఇల్లు హాయిగా ఉందని ఎవర్నీ ఉద్దేశించకుండా అంది.

చివరికి చిన్నకోడలి చేతి మీదే పెద్దకోడలు చెయ్యి వేసింది. ఎత్తు పోసినంతసేపు పై చెయ్యి ఊరికే ఆనించి ఉంచింది. గట్టు మొదలయ్యేసరికి చిన్నకోడలు కింది చెయ్యి వదులు చేసుకుని, వేళ్ళు మాత్రం పిడి మీద ఉంచింది. ఆ వేళ్ళ కింద మన్ను ఎలా కదులుతోందో చిన్నకోడలికి మొదటిసారి తెలిసింది. బలం ఎంత తక్కువ కావాలో కూడా తెలిసింది. పాఠం సాగుతున్నంతసేపూ వెలిగే పీత మీది ఆకుపచ్చ దీపం మొదటి నుంచి చివరిదాకా ఆరలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దబ్బాయి వచ్చాడు. సంచి గుమ్మంలో పెట్టి, భార్య నడుం ఎలా ఉందని అడిగి, జవాబు విని, నేరుగా పెరట్లోకి నడిచాడు. వంతెనలు కట్టే మనిషి కదా, మడి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అంచు చూసి, సరే కానివ్వండి అన్నాడు.

చిన్నకోడలు మూడింటినీ వదిలి వెనక్కి వచ్చింది.

పీతలు మధ్యకు మన్ను తెచ్చాయి. తెచ్చిన మన్ను అక్కడే ఉంది. ఎత్తు పెరిగింది. సగం మడి అయ్యాక ఒకదాని గరిటలో తడి మన్ను ముద్ద ఇరుక్కుని, అది అక్కడే ఆగి వణకడం మొదలుపెట్టింది. పెద్దకోడలు అప్రయత్నంగా ముందుకు వంగబోయింది. చిన్నకోడలు ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపింది. పీత కాస్త వెనక్కి జరిగి, గరిటను మడి అంచుకు రాసుకుని, ముద్ద వదిలించుకుని మళ్ళీ పనిలో పడింది. అలా రాసుకోవడం తనూ నేర్పలేదు, అక్కా నేర్పినట్టు లేదు. నిన్న బల్ల మీద గరిటను ట్రే అంచుకు రాసిన చెయ్యి ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదు.

తర్వాత గట్టు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, వరసగా, తట్టుకుంటూ. పని అయ్యాక అత్తగారు తనే గొట్టం తెచ్చి నీళ్ళు వదిలింది. నీళ్ళు మడిలో సన్నగా పరుచుకుని, లోపలికి ఇంకాయి. ఒక్క చుక్క దారిలోకి రాలేదు.

"భేష్!" అన్నాడు పెద్దబ్బాయి. నిజంగానే అన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశాడు. "నువ్వు గెలిచావమ్మా. తాళం గీళం ఏమీ లేదు. నర్సరీ ఉంటుంది."

చిన్నకోడలు గట్టిగా కేక పెట్టి పెద్దకోడలిని కౌగిలించుకోబోయి, నడుం గుర్తొచ్చి, చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. అత్తగారు గొట్టం కింద పడేసి కళ్ళు తుడుచుకుంది.

"నాకూ బెంగ తీరింది," పెద్దబ్బాయి భార్య వైపు తిరిగాడు. గొంతులో బోలెడు ప్రేమ. "నువ్వు లేకపోతే ఈ మొక్కలు ఏమైపోతాయో అనేగా ఇన్నాళ్ళూ రానన్నావు. ఇప్పుడు చూసుకోవడానికి ఇవి ఉన్నాయి, ఈ అమ్మాయి ఉంది. అక్కడ ఒక్కణ్ణే తిని ఒక్కణ్ణే పడుకుంటున్నాను. రేపు పొద్దున బండి మాట్లాడతాను. వెళ్ళిపోదాం."

చిన్నకోడలి చేతులు జారిపోయాయి. ఆవిణ్ణి ఉంచడానికి చేసిన పనే ఆవిణ్ణి పంపించేస్తోంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచింది.

"బావగారూ, అలా ఎలా? అక్క ఇక్కడే ఉండాలి. ఇంకా ఎంతో నేర్పాలి. అందుకేగా నేను ఇదంతా..."

"డాక్టరు ఏమన్నాడో నీకు తెలుసుగా అమ్మా? ఆవిడ నాతో ఉంటేనే..."

"కాదు బావగారూ, ఇక్కడ ఉంటేనే..."

"ఆగండి," అంది పెద్దకోడలు.

గట్టిగా అనలేదు. కానీ ఇద్దరూ ఆగారు.

"ఆయనేమో తీసుకెళ్తానంటారు. నువ్వేమో ఉంచుకుంటానంటావు. ఈ మిషన్లయినా నా చెయ్యి ఎటు కదులుతుందో చూసి నేర్చుకున్నాయి. వస్తావా, ఉంటావా అని నన్ను ఇంతవరకూ ఎవరైనా అడిగారా?"

చిన్నకోడలు తలదించుకుంది. అడగలేదు. ఆదివారం అడగలేదు, నిన్న గదిలో ఏడుస్తూ కూడా అడగలేదు. ఆవిడ ఉండటం తనకెంత కావాలో చెప్పింది కానీ, ఆవిడకేం కావాలో అడగలేదు.

పెద్దబ్బాయి కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. వంతెన ఎక్కడ వేయాలో చెప్పే గొంతు కాదు, చాలా చిన్న గొంతుతో అన్నాడు.

"సరే. అడుగుతున్నాను. వస్తావా, ఉంటావా?"

"నేనూ అడుగుతున్నానక్కా," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు వాళ్ళిద్దర్నీ చూసింది. ఎన్నో రోజుల తర్వాత ఆవిడ మొహం తేటపడింది. వరండాలోంచి కుర్చీ లాక్కుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"మీరూ కూర్చోండి," అంది. "చెప్తాను."